గడి నుంచి కాలనీ దాకా: రాయని చరిత్ర

నల్లగొండ ప్రాంత చరిత్ర రాయబూనినవారు సాధారణంగా గడితో మొదలుపెడతారు. అది సహజమే. గడి కంటికి కనిపిస్తుంది. కూలిపోయినా దాని రాతిగోడ నిలిచి వుంటుంది, దర్వాజా నిలిచి వుంటుంది, ఊరి నడుమ అది ఆక్రమించిన జాగా నిలిచి వుంటుంది. కాని ఆ గోడకు రాయి మోసినవాడు రాత్రి ఏ కప్పు కింద పడుకున్నాడో చూద్దామంటే చూడడానికి ఏమీ లేదు. మట్టిగోడ నాలుగు వానలకు కరుగుతుంది. తాటికమ్మ చెదలు పడుతుంది. బోదగడ్డి ఒక్క నిప్పురవ్వకు బూడిదవుతుంది. అంటే చరిత్రకారుని ముందు మిగిలే సాక్ష్యంలోనే వర్గభేదం వున్నదన్నమాట. దొర ఇల్లు సాక్ష్యంగా మిగిలింది, కూలివాని ఇల్లు మిగలలేదు.

మరి కూలివాని ఇంటి చరిత్ర ఎక్కడ వున్నది? అతని జ్ఞాపకంలో వున్నది. అతని భార్య జ్ఞాపకంలో ఇంకా ఎక్కువ వున్నది. ఆ జ్ఞాపకం ఈనాడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల అంచుల్లోనూ, వాటి చుట్టుపక్కల పల్లెల్లోనూ ప్రభుత్వం కట్టించిన ఇళ్ల కాలనీల్లో కాపురముంటున్నది. 1983 ప్రాంతంలో పాతికేళ్ల వయసులో ఇంటిపట్టా అందుకున్న ఆడమనిషికి ఇప్పుడు డెబ్బయి ఏళ్లకు దగ్గర. ఆమె పోతే ఆ గడప వెనక వున్న చరిత్ర కూడా పోతుంది. ఆ కాలనీవాసుల నోటి చరిత్రను ఎందుకు సేకరించాలి, ఎలా భద్రపరచాలి, ఎవరికి అందించాలి అన్నదే ఈ వ్యాసంలో చర్చనీయాంశం.

జాగా ప్రశ్న

ఇల్లు అనే సమస్య ఈ ప్రాంతంలో ప్రభుత్వ పథకాలతో పుట్టలేదు. అది భూమి సమస్యలో ఒక భాగంగా పుట్టింది. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రకటించిన తెలంగాణ పోరాట చరిత్రలో సూర్యాపేట తాలూకా ఎర్రపహాడ్ దేశముఖు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షా యాభైవేల ఎకరాలు వున్నట్లు రాశారు. ఒక మనిషి కింద అంత భూమి వున్నప్పుడు ఊళ్లో మిగిలినవారు నిలబడిన నేల ఎవరిది? దున్నే చేనే కాదు, గుడిసె వేసుకున్న జాగా కూడా చాలాచోట్ల దొర దయాధర్మం మీద ఆధారపడి వుండేది. వెట్టి చేయను అన్నవానికి పని పోవడమే కాదు, నిలువనీడ పోయే ప్రమాదం కూడా వుండేది. కనుక వెట్టిచాకిరి బతికింది కొరడా దెబ్బలతోనే కాదు, ఇంటిజాగా లేకపోవడంతో కూడా అని మనం గుర్తించాలి.

1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత ఉద్యమం జనగామ, సూర్యాపేట తాలూకాలను చుట్టుముట్టింది. సంఘం నాయకత్వాన వెట్టి ఆగింది, భూములు పంచబడ్డాయి. 1948 సెప్టెంబరులో సైనిక చర్యతో నిజాం పాలన అంతమయింది. కాని పారిపోయిన భూస్వాములు సైన్యం వెంట తిరిగివచ్చి అనేక గ్రామాల్లో భూములు మళ్లీ ఆక్రమించారు. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించబడింది. ఇదంతా పుస్తకాల్లో వున్నదే. అయితే ఈ అయిదేళ్లలో గుడిసెలకు ఏమయింది? ఏ ఊళ్లో ఏ వాడ తగలబడింది? తగలబడిన వాడ తిరిగి లేచినప్పుడు పాత జాగాలోనే లేచిందా, ఊరి అంచుకు జరిగిందా? పోరాటంలో దక్కిన ఇంటిజాగా తరువాత ఎవరికి దక్కింది? ఈ ప్రశ్నలకు గ్రంథాల్లో దొరికే సమాధానాలు చాలా తక్కువ.

చట్టం ఈ ప్రశ్న దగ్గరికి చాలా ఆలస్యంగా వచ్చింది. ఇతరుల జాగాలో గుడిసె వేసుకొని వుంటున్న వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవారికి ఆ జాగా మీద హక్కు కల్పించే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1976లో వచ్చింది. జాగీర్దారీ రద్దు 1949లో జరిగింది. కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది. అంటే గుడిసె కింది నేల గుడిసెవానిదే అని చట్టం ఒప్పుకోవడానికి మరో పాతికేళ్లు పట్టింది. ఆ పాతికేళ్ల చరిత్ర ఎవరు రాశారు?

కాగితం చెప్పే కథ

ఇక ప్రభుత్వ గృహనిర్మాణ చరిత్ర. కాగితాల మీద చూస్తే ఇది చక్కగా వరసలో కనిపిస్తుంది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983లో తెలుగుదేశం ప్రభుత్వం వచ్చిన తరువాత బలహీనవర్గాలకు పక్కా ఇళ్ల కార్యక్రమం పెద్దఎత్తున సాగింది. 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన ప్రారంభించింది. 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2015లో రెండు పడకగదుల ఇళ్ల పథకం వచ్చింది. ఆ ఏడు దసరానాడు సూర్యాపేటలో ముఖ్యమంత్రి స్వయంగా దీనికి శంకుస్థాపన చేశారు. 560 చదరపు అడుగుల ఇల్లు, లబ్ధిదారు పైసా కట్టనక్కరలేదు అన్నది దాని నియమం. 2024 మార్చిలో సొంత జాగా వున్నవారికి 5 లక్షల రూపాయల సాయమిచ్చే కొత్త ఇందిరమ్మ ఇళ్ల పథకం ప్రారంభమయింది.

ఈ వరసలో ఒక విశేషం గమనించండి. ప్రతి తేదీ వెనక ఒక ప్రభుత్వం, ఒక నాయకుని పేరు వుంది. కాలనీకి పెట్టిన పేరు, స్వాగత తోరణం, శిలాఫలకం అన్నీ ఆ కథనే చెబుతాయి. ఇచ్చినవాడు ఒకడు, పుచ్చుకున్నవారు వేలమంది. పుచ్చుకున్నవారికి కాగితం మీద వున్న పేరు కూడా అదే: లబ్ధిదారు. లాభం పొందినవాడు! అతడు పోగొట్టుకున్నది, పెట్టుబడి పెట్టింది, పోరాడి సాధించింది ఆ మాటలో ఎక్కడా లేదు.

అసలు పని ఎలా జరిగేదో చూస్తే ఈ మాటలోని మోసం తెలుస్తుంది. రెండు పడకగదుల పథకానికి ముందున్న పద్ధతిలో ఎక్కువభాగం ఇళ్లు లబ్ధిదారులే కట్టుకోవాలి. ప్రభుత్వం డబ్బు ఒక్కసారిగా ఇవ్వదు. బేస్‌మెంటు లేస్తే ఒక బిల్లు, గోడలు లేస్తే ఒక బిల్లు, స్లాబు పడితే ఒక బిల్లు. సిమెంటు బస్తాలు వేరే లెక్క. అంటే ముందు గోడ లేవాలి, తరువాత డబ్బు రావాలి. ముందు గోడ లేవడానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? అప్పు తెచ్చారా, పుస్తెలు కుదువబెట్టారా, మేకలు అమ్మారా? పునాది ఎవరు తవ్వారు, నీళ్లు ఎవరు మోశారు? కూలిపని మానుకొని సొంతగోడ కట్టుకున్న రోజుల కూలి ఎవరి ఖాతాలో రాశారు? ఫైలులో ‘స్లాబు స్థాయి’ అని ఒక మాట వుంటుంది. ఆ ఒక్క మాట వెనక ఒక కుటుంబం రెండు మూడేళ్ల జీవితం వుంటుంది. ప్రభుత్వం ఇచ్చింది సాయం, ఇల్లు కట్టింది శ్రమ. ఆ శ్రమ భాగాన్ని నోటి చరిత్ర తప్ప మరేదీ లెక్కకు తేలేదు.

ఇంకొక సంగతి. 2014లో ఇందిరమ్మ ఇళ్లలో అక్రమాల మీద నేర పరిశోధన శాఖ విచారణకు ప్రభుత్వం ఆదేశించింది. కాగితం మీద పూర్తయిన ఇల్లు నేలమీద వున్నదా లేదా అన్నది తేల్చవలసి వచ్చినప్పుడు చివరికి ఎవరిని అడగాలి? ఆ వీధిలో కాపురమున్నవారినే. కనుక కాగితమే రుజువు, నోటిమాట వట్టి కబురు అనే అభిప్రాయాన్ని మనం వదులుకోక తప్పదు.

మూడు ఊళ్లు, మూడు ప్రశ్నలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలను ఒక్క గాటన కట్టరాదు. సూర్యాపేటలో కాలనీ ప్రశ్న ప్రధానంగా పోరాటపు గ్రామాల నుంచి పట్టణానికి వచ్చినవారి ప్రశ్న. తుంగతుర్తి వైపు పల్లెల నుంచి పనికోసం వచ్చినవారికి తాతల కాలపు గడి జ్ఞాపకం, తమ కాలపు అడ్డా కూలీ జీవితం రెండూ వున్నాయి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా కేంద్రమైన తరువాత పట్టణపు అంచున జాగా విలువ పెరిగింది. ఒకప్పుడు ఎవరూ రానంత దూరమని పేదలకిచ్చిన నేల ఇప్పుడు ఎవరి కంటికి ఎలా కనబడుతున్నదో అక్కడివారే చెప్పాలి.

కోదాడ హైదరాబాదు–విజయవాడ రహదారి మీద, ఆంధ్రప్రదేశ్ పొలిమేరకు దగ్గరగా వున్నది. ఇక్కడ రెండు ప్రాంతాల జనం, రెండు యాసలు కలిశాయి. హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు వున్నాయి. సిమెంటు పుట్టే చోట సిమెంటు బస్తా కోసం పేదవాడు ఎన్నిసార్లు తిరిగాడో అడిగి తెలుసుకోదగిన సంగతి.

మిర్యాలగూడ కథ నీటితో ముడిపడి వున్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. ఎడమకాలువ నీటితో మెట్టనేల వరిమడి అయింది, మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణమయింది. అయితే ఆ ఆనకట్ట రాతికట్టడం. వేలమంది కూలీలు చేతులతో, తలలతో మోసిన రాయి అది. ప్రాజెక్టు సిబ్బంది కోసం వెలసిన హిల్ కాలనీ, పైలాన్ కాలనీ పటాల్లో కనిపిస్తాయి. రాయి మోసిన కూలీల గుడిసెలు ఏ పటంలోనూ కనిపించవు. మునకలో తండాలు పోయిన లంబాడీలు ఎక్కడ కుదురుకున్నారు? తవుడు ధూళిలో బస్తాలెత్తిన హమాలీలు ఏ వాడలో వున్నారు? మిర్యాలగూడ చుట్టూ ఇంటిపట్టాల చరిత్రను ఈ ప్రశ్నల నుంచి విడదీసి రాయడం సాధ్యం కాదు.

మూడు చోట్లా అడగవలసిన ప్రశ్న ఇంకొకటి వున్నది, అది కులం ప్రశ్న. కాలనీకి జాగా ఊరికి ఏ దిక్కున ఇచ్చారు? పాత వాడనే పక్కకు జరిపి కాలనీ అన్నారా, లేక వాడ గోడలు అక్కడ కూలాయా? లాటరీలో ఇళ్లు వచ్చినచోట పక్కింటివారు ఎవరో ముందు తెలియదు. అక్కడ బోరింగు దగ్గర, బతుకమ్మ దగ్గర ఏమి జరిగింది? వర్గ దృక్పథం పేరుతో కులాన్ని దాటవేసిన చరిత్ర సగం చరిత్రే అవుతుంది. ఈ సంగతి మనవారు ఆలస్యంగా నేర్చుకున్న పాఠాల్లో ఒకటి.

మనకున్న పూర్వానుభవం

ఈ పని తెలుగులో కొత్తది కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వారు ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రకటించారు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోట చెప్పుకున్న జీవితాలవి. 1989లో అది ఇంగ్లీషులో వెలువడి ఇతర దేశాల పాఠకులకు చేరింది. చిట్యాల ఐలమ్మ మాటలు అందులో వున్నాయి. ఐలమ్మ 1985 సెప్టెంబరులో కన్నుమూసింది, పుస్తకం అచ్చయి వచ్చేసరికి ఆమె లేదు. సేకరించేవారు ఒక్క ఏడాది ఆలస్యం చేసి వుంటే పాలకుర్తి పంటచేను కథ ఇతరులు చెప్పిన కథగానే మిగిలేది, ఆమె సొంతమాటగా మిగిలేది కాదు.

ఆ పుస్తకం మనకు మరొక సంగతి కూడా చెప్పింది. నాయకులు రాసిన పోరాట చరిత్రల్లో స్త్రీలు ధైర్యసాహసాలకు ఉదాహరణలుగా కనిపిస్తారు. తమ మాటల్లో అయితే వారు ప్రశ్నలు వేస్తారు. పోరాటం ముగిసిన తరువాత వంటింటికి తిరిగి పొమ్మన్నదెవరు, అజ్ఞాతవాసంలో పిల్లల్ని ఎవరు చూశారు అని అడుగుతారు. నోటి చరిత్ర పాలకవర్గానికే కాదు, మనకు కూడా ఇబ్బందిగా వుండగలదు. అలా వుండడమే దాని విలువ. మనం విననెంచిన మాటలే ఏరుకొని వినేట్లయితే అది చరిత్ర కాదు, మన ప్రచారానికి పనికివచ్చే సరుకు మాత్రమే.

సూర్యాపేట ప్రాంతపు కరివిరాల కొత్తగూడెం ఆడపడుచు మల్లు స్వరాజ్యం జీవితకథ ‘నా మాటే తుపాకి తూటా’ కూడా ఆమె చెప్పగా ఇతరులు రాసినదే. అది 2019లో వెలువడింది. 2022 మార్చి 19న ఆమె మరణించారు. దళ నాయకురాలు, రెండుసార్లు శాసనసభ్యురాలు అయిన మనిషి మాట కూడా చివరి వయసులోనే పుస్తకమయింది. మరి కాలనీలో నాలుగో వీధిలో వున్న ఆమె మాట సంగతేమిటి?

జ్ఞాపకం తప్పితే?

నోటిమాటను నమ్మడమెలా అని ఉపాధ్యాయులు, విద్యార్థులు అడుగుతారు. అడగవలసిందే. మనిషి మరచిపోతాడు, పెంచి చెబుతాడు, విన్నదాన్ని చూసినట్లు చెబుతాడు. ఇందుకు ఇటలీ నుంచి ఒక ఉదాహరణ వున్నది. తెర్ని అనే ఉక్కు పట్టణంలో లుయీజీ త్రస్తుల్లి అనే యువ కార్మికుడు 1949లో నాటో వ్యతిరేక ప్రదర్శనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. కాని చాలామంది కార్మికులు అతడు 1953లో, పనిలోనుంచి వేలమందిని తీసివేసినప్పటి వీధిపోరాటంలో చనిపోయాడని చెప్పారు. అలెస్సాంద్రో పోర్తెల్లి అనే పరిశోధకుడు ఈ పొరపాటును కొట్టివేయలేదు. ఎందుకు పొరపాటు పడ్డారని అడిగాడు. ఆ కార్మికుల జీవితాన్ని నిజంగా తలకిందులు చేసింది ఉద్యోగాలు పోవడమే. అందుకని ఆ మరణాన్ని వారి జ్ఞాపకం అక్కడికి జరిపింది. తేదీ తప్పు, కాని ఆ తప్పే వారి మనసుల్లోని నిజం చెబుతున్నది.

మన దేశంలో షాహిద్ అమీన్ 1922 చౌరీచౌరా ఘటన మీద 1995లో ప్రకటించిన గ్రంథంలో కోర్టు రికార్డును, గ్రామస్థుల జ్ఞాపకాన్ని పక్కపక్కన పెట్టి చదివారు. మనమూ అలాగే చేయాలి. ఇంటిపట్టా ఫలానా ప్రభుత్వం ఇచ్చిందని ఒకరు చెబితే, పట్టా కాగితం చూడాలి, పంచాయతీ రికార్డు చూడాలి, జాగా పాత చరిత్రకు 1954–55 నాటి ఖాస్రా పహాణీ దాకా వెళ్లాలి. రెండూ సరిపోతే ఒక వాస్తవం స్థిరపడుతుంది. సరిపోకపోతే రెండు వాస్తవాలు తేలతాయి: జరిగింది ఒకటి, జరిగినట్లు జనం ఎందుకు గుర్తుంచుకున్నారన్నది మరొకటి. పహాణీ కూడా ఒక మనిషి రాసిందే. పట్వారీ ఎవరి అరుగు మీద కూర్చుని రాశాడో మరవకూడదు.

ఇతర దేశాల సంగతి

కార్మికుల ఇళ్లు చరిత్ర అవుతాయా అనే సందేహానికి ప్రపంచం సమాధానం చెప్పింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత వియన్నా నగరంలో సోషలిస్టు పురపాలకం అరవైవేలకు పైగా ఇళ్లు కట్టించింది. వాటిలో పేరుపొందిన కార్ల్ మార్క్స్ హాఫ్ 1930లో ప్రారంభమయింది. 1934 ఫిబ్రవరిలో ప్రభుత్వ సైన్యం దానిమీద ఫిరంగులు పేల్చింది. పేదవాని ఇల్లు పాలకులకు ఎంత పెద్ద రాజకీయ విషయమో ఆ ఫిరంగి చప్పుడే చెప్పింది.

అమెరికాలోని చికాగోలో 2000 సంవత్సరంలో మొదలైన ప్రణాళిక కింద ప్రభుత్వ గృహ సముదాయాలను పెద్దఎత్తున కూలగొట్టారు. ఇళ్లు పోతున్నప్పుడు తమ జ్ఞాపకమైనా నిలవాలని పట్టుపట్టినవారు అక్కడి నివాసులే. 1938 నాటి జేన్ ఆడమ్స్ గృహ సముదాయంలో మిగిలిన ఒకే ఒక భవనంలో 2025 ఏప్రిల్‌లో జాతీయ ప్రభుత్వ గృహ ప్రదర్శనశాల తెరిచారు. నివాసులు చెప్పిన కథలే అందులో ప్రధాన సంపద. మన కాలనీలకు ప్రదర్శనశాల రావాలని నా ఉద్దేశం కాదు. నివాసులే పూనుకున్నారన్నది మనం నేర్వదగిన అంశం. 1980ల నాటి ఇళ్లు మన దగ్గర కూడా పెచ్చులూడి, కొన్ని కూలి, కొన్ని కొత్త మేడలకింద మాయమవుతున్నాయి. ఇల్లు కూలకముందే మాట నిలవాలి.

చేయవలసిన పని

ఇందుకు పెద్ద నిధులు అవసరం లేదు. ఈనాడు మాట పట్టే యంత్రం ప్రతి విద్యార్థి జేబులో వున్నది. కావలసింది పద్ధతి, ఓర్పు. మొదటిది భాష సంగతి. చెప్పేవారి యాసను పాఠ్యపుస్తకపు తెలుగులోకి దిద్దకూడదు. లంబాడీ తల్లి తన భాషలో చెబితే అదే భాషలో పట్టాలి, ముస్లిం వృద్ధుడు ఉర్దూలో చెబితే ఉర్దూలోనే పట్టాలి. అనువాదం పక్కన వుండవచ్చు, స్థానంలో వుండకూడదు. పాట పాడితే పాట కూడా పత్రమే. ఈ ప్రాంతంలో ఉయ్యాల పాట పోరాటకాలంలో కబురు మోసిందని మరవరాదు.

రెండవది రక్షణ. పట్టా షరతుల ప్రకారం ప్రభుత్వ ఇంటిని అమ్మరాదు. కాని ఆస్పత్రి ఖర్చుకో, బిడ్డ పెళ్లికో అమ్ముకున్నవారు లేకపోలేదు. ఆ నిజాన్ని ఒక ముసలవ్వ మనల్ని నమ్మి చెబితే, ఆ మాట రేపు ఆమె మీదనే అభియోగం కాకూడదు. ఏది అచ్చువేయాలి, ఏది పెట్టెలో వుంచాలి, ఎవరి పేరు మార్చాలి అన్న నిర్ణయం చెప్పినవారిదే కావాలి. మాట తీసుకొని పోయి మళ్లీ ఆ గడప తొక్కని పరిశోధకునికీ, ధాన్యం కొలుచుకొని పోయిన దొర మనిషికీ తేడా ఏమున్నది?

మూడవది భద్రత. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రపు గ్రంథాలయంలోకి నీరు చేరి అపురూపమైన పుస్తకాలు తడిసిపోయాయి. ఒక్కచోట వుంచిన సంపద ఒక్క రాత్రిలో పోగలదు. కనుక ప్రతి రికార్డు కనీసం మూడుచోట్ల వుండాలి: ఊరి గ్రంథాలయంలో లేదా పాఠశాలలో, ఒక విశ్వవిద్యాలయంలో, చెప్పినవారి ఇంట్లో.

నాలుగవది పంచుకోవడం. సేకరించింది మొదట వినవలసినవారు ఆ కాలనీవారే. ఒక సాయంత్రం కాలనీ నడుమ చెట్టుకింద అందరూ కూర్చుని విననివ్వండి. ఒకరు చెప్పినదాన్ని మరొకరు కాదంటారు, మరొకరు కలుపుతారు, మనవలు మొదటిసారి వింటారు. ఆ వాదన కూడా రికార్డులోకి ఎక్కాలి. చరిత్ర పరిశోధనలో ఇంతకుమించిన పరీక్షాసభ లేదు.

పేదవానికి ఇల్లు దానమా, హక్కా అన్న వాదం ఇంకా ముగియలేదు. ప్రతి ఎన్నికలో అది కొత్త పేరుతో తిరిగి వస్తున్నది. శిలాఫలకాలు ఒకవైపే సాక్ష్యం చెబుతాయి. వెట్టి మానినందుకు గుడిసె పోగొట్టుకున్న తాత దగ్గరనుంచి, స్లాబు బిల్లు కోసం కార్యాలయాల చుట్టూ తిరిగిన కోడలి దాకా రెండోవైపు సాక్షులు ఇంకా మన మధ్య వున్నారు. సెలవులకు ఇంటికి వెళ్లే విద్యార్థి ఒక్కొక్కరు ఒక్క గడప దగ్గర కూర్చుని ఒక్క ప్రశ్న వేస్తే చాలు: అవ్వా, ఈ ఇల్లు ఎట్ల నిలబడ్డది? జవాబు పూర్తయ్యేదాకా లేవకుండా కూర్చోవడమే మన పని.